పాట మెత్తబడిందా?
గోరటి వెంకన్న 'వల్లంకి తాళం': అడవి అంచు నుంచి ఒక చదువు

గోరటి వెంకన్న పాట మెత్తబడింది అనే మాట మన సభల్లో, హాస్టల్ గదుల్లో, టీ కొట్ల దగ్గర తరచు వినబడుతున్నది. 'వల్లంకి తాళం' పుస్తకానికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చాక ఆ మాట ఇంకా గట్టిపడ్డది. అంతకు ఏడాది ముందు, 2020 నవంబరులో, ఆయన గవర్నర్ కోటాలో శాసనమండలికి వెళ్ళాడు. ఈ రెండింటినీ కలిపి "సూసిన్రా, అందుకే పిట్టల పాటలు, చెట్ల పాటలు" అని తేల్చేసినవాళ్ళు ఉన్నారు. ఇంకో పక్క, ఇన్నేళ్ళూ ఆయన పాటను 'ఉద్యమ గేయం' అని పక్కన కూచోబెట్టిన పండితులు ఇప్పుడు హఠాత్తుగా "అసలైన కవిత్వం ఇప్పుడు వచ్చింది" అని మెచ్చుకుంటున్నారు. ఒకరు దేన్ని తప్పు అంటున్నారో ఇంకొకరు దాన్నే గొప్ప అంటున్నారు. కానీ ఇద్దరి లెక్కా ఒకటే: పాట గట్టిగా ఉంటే రాజకీయం, మెత్తగా ఉంటే కవిత్వం. ఈ లెక్క మాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు మేమెక్కడ నిలబడి చదువుతున్నామో చెప్పాలి. ఖమ్మం నుంచి కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే తోవలో, అడవి అంచున ఉన్న ఒక ఊరి మాదిగవాడ మాది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కింది మేమే మొదలు. మా నాయన డప్పు కొట్టేవాడు. మా అమ్మ ఎండాకాలం తెల్లారక ముందే అడవికి పోయి తునికాకు కోసుకొచ్చి, యాభై ఆకుల లెక్కన కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పేది. ఆమెకు చెట్ల పేర్లు మాకంటే ఎక్కువ తెలుసు. ఇప్ప, రేల, మద్ది, ఏగిస, పాల - ఏ చెట్టు ఎప్పుడు పూస్తదో, ఏ కాయ ఎప్పుడు రాలుతదో చెప్పేది. కానీ ఆమె చెట్టును 'చూసింది' అని మేము ఏనాడూ అనుకోలేదు. ఆమె చేసింది పని. చూడటం అంటే తీరిక ఉన్నవాళ్ళ పని అని మాకు పాఠ్యపుస్తకాలే నేర్పినయి. భావకవుల కొమ్మలు, రెమ్మలు, కోయిలలు చదువుకుని పరీక్షలు రాసినం. ఆ కొమ్మ కింద ఆకు కోసే మనిషి ఒక్క పద్యంలో కూడా కనబడలేదు.

అందుకే 'వల్లంకి తాళం' మాకు మొదటి చదువులో వెనకడుగుగా అనిపించలేదు. వల్లంకి ఒక పిట్ట పేరు. పుస్తకానికి ఆ పేరు పెట్టడంలోనే ఒక నిర్ణయం ఉన్నది. అది సంస్కృత కావ్యాల చిలుకా కాదు, హంసా కాదు. చేన్ల గట్ల మీద పశువుల కాపరి చూసే పిట్ట. వెంకన్న ప్రకృతిని పిలిచే పేర్లు నిఘంటువు నుంచి తెచ్చుకున్నవి కావు, కూలికి పోయే జనం నాలుక మీద ఉన్నవి. నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారంలో దళిత కుటుంబంలో పుట్టి, యక్షగానాలు, చిరుతల భజనలు, బైరాగి తత్వాలు వింటూ పెరిగిన మనిషి ఆయన. ఆ చెవితోనే చెట్టునూ వాగునూ విన్నాడు. చూసే హక్కు, తీరిగ్గా కూచుని ఒక పిట్ట అరుపు వినే హక్కు మాకూ ఉన్నదని దళిత కవి చెప్పడం చిన్న విషయం కాదు. కోపం ఒక్కటే మన సొత్తు అని రాసిచ్చిందెవరు? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన పాట కోపంగా ఉండక తప్పలేదు. ఆ కోపం న్యాయమైనది. కానీ దళితుడు ఎప్పుడూ కోపంగానే మాట్లాడాలని కోరుకోవడం కూడా ఒక రకం వెలివేతే.

ఇక్కడ పాత పాట సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1972లో జననాట్యమండలి మొదలైన నాటి నుంచి తెలుగు నేల మీద పాట చేసిన పని మామూలు పని కాదు. గద్దర్ గొంగడి, గజ్జె, డప్పు లేకుండా ఆ కాలాన్ని ఊహించలేం. పల్లె బాణీని తీసుకుని, దానిలో కొత్త మాట పెట్టి, వేలమందిని లేపి నిలబెట్టారు. బాణీ జనానిది, మాట ఉద్యమానిది. ఆ పాటలో చెట్టు వస్తే తరచు ఇంకోదానికి గుర్తుగా వచ్చేది. ఎర్రపూలు రక్తానికి గుర్తు, తూరుపు విప్లవానికి గుర్తు. 'వల్లంకి తాళం'లో పిట్ట చాలావరకు పిట్టే. ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడానికి రాలేదు. ఇది పాట బలహీనపడటం కాదని మేమంటాం. పాట తన మూలం దగ్గరికి పోయి కూచోవడం ఇది. తత్వాలు పాడే బైరాగి కూడా అరవలేదు. అరవకుండానే కులాన్ని ప్రశ్నించాడు.

అయితే మా మెప్పు ఇక్కడితో ఆగుతుంది. రెండో చదువులో మాకు మూడు ఇబ్బందులు కలిగినయి.

మొదటిది, కారణం పలచబడటం. ఇదే వెంకన్న వాగు ఎండిపోవడం మీద పాట కట్టినప్పుడు వాగుతో పాటు దాన్ని ఎండబెట్టిన బతుకు మార్పు కూడా వినబడింది. 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 2002లో 'కుబుసం' సినిమాతో ఇంటింటికీ చేరింది. కుమ్మరి, కమ్మరి, సాలె చేతుల్లోంచి పని ఎట్లా జారిపోయిందో, మార్కెట్ పల్లెలోకి ఎట్లా వచ్చిందో ఆ పాట చెప్పింది. ఆర్థిక శాస్త్రం చదవని మా అమ్మకు కూడా అది అర్థమైంది. 'వల్లంకి తాళం'లో ప్రకృతి ఉన్నది, తత్వం ఉన్నది, కరుణ ఉన్నది. కానీ గొడ్డలి ఎవరి చేతిలో ఉన్నదో చెప్పే పట్టు సడలింది.

మా వైపు నుంచి చూస్తే ఈ లోటు పెద్దగా కనబడుతుంది. భద్రాచలం దగ్గర సారపాకలో 1979 నుంచి కాగితం మిల్లు నడుస్తున్నది. దాని చుట్టూ ఎన్నో మండలాల్లో జామాయిల్ తోటలు వరుసలు వరుసలుగా నిలబడ్డయి. అవీ పచ్చగానే ఉంటయి. దూరం నుంచి చూస్తే అడవే. కానీ వాటి కింద తునికి మొలవదు, ఇప్పపువ్వు రాలదు, వల్లంకి గూడు కట్టదు. మణుగూరు దిక్కు పోతే ఓపెన్ కాస్టు గనుల మట్టి గుట్టలు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు లేచింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు అదే. నది అందాన్ని పాడుకుందాం, తప్పు లేదు. కానీ ఆ నది మీద పోలవరం కడుతుంటే, ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా మండలాలు తీసుకుపోయి అటు కలిపితే, రాత్రికి రాత్రి రాష్ట్రం మారిన కోయగూడేలను మర్చిపోయి నదిని పాడలేం. మాకు ప్రకృతి ప్రశాంతంగా దొరకలేదు. మెత్తని పాట ఈ గట్టి నిజాన్ని మోయగలదా అన్నదే అసలు పరీక్ష. మోయగలదనే మా నమ్మకం. 'వల్లంకి తాళం' మాత్రం కొన్ని చోట్ల ఆ బరువును గట్టు మీద దించి ముందుకు పోయింది.

రెండోది, పల్లె. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ భారతీయ గ్రామాన్ని అజ్ఞానపు గుహగా, మతతత్వపు గూడుగా తూర్పారబట్టిన సంగతి మనకు తెలుసు. పల్లె ఏడుస్తున్నది అంటే దళితుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఊరు ఏడుస్తున్నదా, వాడ ఏడుస్తున్నదా? ఊరి బావి దగ్గర మా అమ్మ దూరంగా నిలబడి ఎవరన్నా పోస్తే నీళ్ళు పట్టుకున్నది. ఆ పాత పల్లె పోయినందుకు ఆమె కన్నీరు పెట్టుకోవాలా? వెంకన్న పాట విని ఆమె ఏడ్చిన మాట నిజం. చేతిపని పోయినందుకు ఏడ్చింది, ఆ బావి పోయినందుకు కాదు. ఈ తేడాను పాట కంటే మనం, అంటే విమర్శకులం, సరిగ్గా పట్టించుకోలేదు. ప్రకృతి పాటల్లోకి వచ్చేసరికి ఈ తేడా ఇంకా మసకబడింది. చెరువు అందరిదీ అనిపిస్తుంది పాటలో. చెరువు గట్టు మీద ఎవరి రేవు ఎక్కడో తెలిసినవాళ్ళం గదా మనం!

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అది వెంకన్న ఒక్కడి మీద ఫిర్యాదు కాదు, మన అందరి మీదా ఉన్న బాకీ. రేల ఎవరి చెట్టు?

ఎండాకాలం మా అడవిలో ఆకు రాల్చి, పసుపు పచ్చని గుత్తులతో వేలాడే చెట్టు రేల. కోయవాళ్ళ ఆటలో, పాటలో 'రేల' పల్లవి. ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని వలయంగా తిరుగుతూ పాడేటప్పుడు అది వాళ్ళ ఊపిరి. అక్కడి నుంచి ఆ పల్లవి విప్లవ పాటలోకి వచ్చింది. తెలంగాణ ఉద్యమ ధూంధాం వేదికలెక్కింది. వెంకన్న పుస్తకాల్లో ఒకదాని పేరు 'రేల పూతలు'. టీవీలో జానపద పాటల పోటీకి 'రేలా రే రేలా' అని పేరు పెట్టారు. ఆయన ఆ కార్యక్రమంలో న్యాయనిర్ణేతగా కూచున్నాడు కూడా. ఎన్ని ఊళ్ళ పిల్లలు దాని వల్ల వెలుగులోకి వచ్చారో మాకు తెలుసు, సంతోషమే. కానీ ఆ పల్లవి నడిచిన తోవ చూడండి: గూడెం నుంచి దళానికి, దళం నుంచి సభకు, సభ నుంచి టీవీకి. తోవ పొడుగునా రేల పెద్దదైంది. రేల పాడిన కోయ ఆడమనిషి మాత్రం గూడెంలోనే మిగిలింది. పాట 'మూలాలకు' పోయింది అని మెచ్చుకునేటప్పుడు ఆ మూలం ఎవరి ఇంటి వెనక ఉన్నదో అడగాలె.

ఇక్కడ సకిని రామచంద్రయ్య పేరు చెప్పకుండా ముందుకు పోలేం. మణుగూరు మండలం కూనవరం మనిషి, కోయ డోలి కళాకారుడు. మెడకు డోలు తగిలించుకుని, సమ్మక్క సారలమ్మల కథను, కోయల ఇలవేల్పుల కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. ఆ కథలకు తోడు పడిగె అనే బొమ్మల గుడ్డ ఉంటుంది. డోలి కథకులకు అదే గ్రంథం. అక్షరం లేకుండా వంశాల చరిత్రను గుర్తుపెట్టుకునే విద్య అది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆయన దగ్గర కూచుని ఆ కథలు నమోదు చేయబట్టి కొంతన్నా మిగిలింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు.

రామచంద్రయ్య గొంతు మెత్తనిదా, గట్టిదా? ఆ ప్రశ్నే అక్కడ పనికి రాదు. ఆ పాట సభను లేపడానికి పుట్టలేదు, పుస్తకంలోకి ఎక్కడానికీ పుట్టలేదు. చచ్చిపోయినవాళ్ళను బతికున్నవాళ్ళకు పరిచయం చెయ్యడానికి పుట్టింది. వెంకన్న పాట మనసుకు నచ్చితే మనం పాడుకుంటాం. డోలి కథ చెప్పే మనిషి లేకపోతే ఒక గోత్రానికి తన పుట్టుక చెప్పే నోరు పోతుంది. ఒకదానికి అవార్డు ఒక మెట్టు. రెండోదానికి అవార్డు చాలాసార్లు ఆఖరి ఫొటో.

ఇప్పుడు మా సంగతికి వస్తాం. చెప్పక తప్పదు. ఏజెన్సీ అంచున ఉన్న మాల మాదిగలు కోయవాళ్ళ లెక్కలో గిరిజనేతరులే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించి తెచ్చిన 1/70 చట్టం ముందు మేమూ, భూములు కాజేసిన షావుకారూ ఒకే వరుసలో నిలబడతాం. ఇది మాకు అన్యాయంగా అనిపిస్తది. కానీ కోయవాడి వైపు నుంచి చూస్తే, అడవిలోకి వచ్చినవాళ్ళలో ఎవరు దొరో, ఎవరు దొర వెనక మూట మోసుకొచ్చిన జీతగాడో అతనికి ఎందుకు పట్టాలె? మా తాత కూడా అడవిలోకి వచ్చినవాడే. మా నాయన డప్పు, రామచంద్రయ్య డోలు ఒకే జాతరలో మోగి ఉండొచ్చు, కానీ ఒకే పందిరి కింద కూచోలేదు. దళిత సాహిత్య విమర్శ ఆదివాసీ పాటను తన ఖాతాలో వేసుకునే ముందు ఈ దూరాన్ని ఒప్పుకోవాలి. అగ్రవర్ణ విమర్శకుడు మన పాటను 'జానపదం' అని ఊరూ పేరూ లేకుండా చేస్తే మనం కొట్లాడినం. కోయపాటను మనమే 'అడవి బాణీ' అని ఊరుపేరు లేకుండా చేస్తే?

అందుకని మా తీర్పు ఇది. 'వల్లంకి తాళం' మెత్తబడిన పాట కాదు, చెవి పెంచుకున్న పాట. దాన్ని శాసనమండలి సభ్యత్వంతో కొలిచి కొట్టిపారెయ్యడం విమర్శ కాదు. కవి ఏ కుర్చీలో కూచున్నాడో అడిగే హక్కు మనకు ఉన్నది, ఆ ప్రశ్న ఆయనను అడుగుదాం. పాటను మాత్రం పాటగానే అడుగుదాం: నువ్వు విన్న పిట్ట గూడు ఏమైంది? నీ పల్లవి ఎవరిది?

చదివే పిల్లలకు, చెప్పే పంతుళ్ళకు ఒక మాట. క్లాసులో 'వల్లంకి తాళం' చెప్పేటప్పుడు దాని పక్కన ఒక డోలి కథ కూడా వినిపించండి. రేల అన్న మాట వచ్చిన చోట ఆగి, అది ఏ భాష నుంచి వచ్చిందో, ఆ భాష మాట్లాడే పిల్లవాడు మీ క్లాసులో ఉన్నాడో లేడో చూడండి. ఉంటే ఆ పాట అర్థం అతన్ని చెప్పనివ్వండి. మేము అంత పని చెయ్యలేకపోయినం. మాతో పాటు బళ్ళో చదివిన కోయ పిల్లవాడు తన భాషలో ఒక్క మాట మాట్లాడితే మేమందరం నవ్వినం. వాడు ఏడో తరగతిలో బడి మానేశాడు. ఇప్పుడు 'రేల' అన్న మాట వేదిక మీద వినబడ్డ ప్రతిసారీ మాకు ముందు ఆ నవ్వే గుర్తుకొస్తున్నది.