తెచ్చిన ఆటలు, విడిచిన ఆటలు

ఈ సంచికలో పెద్దలు కావ్యములను గూర్చియు, సంగీతమును గూర్చియు వ్రాయుచుండగా, మేము కంప్యూటరు ఆటలను గూర్చి వ్రాయబూనుట కొందఱకు వింతగా తోపవచ్చును. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తా కొలువు చేసి విశ్రాంతి గైకొన్నవారము. కాని అసలు కాగితమును, నకలును ప్రక్కప్రక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూచి, "అసలుతో సరిపోల్చబడినది" అని క్రింద వ్రాయుట మా వృత్తి. ఈ ఆటల వ్యవహారమునను అసలు, నకలు అను ప్రశ్నయే ముఖ్యమగుటచేత, ఆ పాటి అధికారముతో కలము పట్టితిమి.

కారణము చెప్పెదము. గుడియాత్తములో మా అక్కగారి మనుమడొకడు కలడు. తండ్రిది లుంగీల వ్యాపారము. ఆ బాలుడు పదునొకండవ తరగతి చదువునపుడు ప్రభుత్వమువా రుచితముగా నిచ్చు లాప్‌టాప్ వానికిని దక్కెను. 2011 సెప్టెంబరులో నాటి ముఖ్యమంత్రి జయలలితగారు ఆరంభించిన పథకమది. వానికి వచ్చినదానిలో విండోస్‌తోపాటు బాస్ లినక్స్ అను మఱియొక వ్యవస్థయు నుండెను. చెన్నైలోని సీ-డాక్ సంస్థవారు 2007లో వెలువరించిన భారతీయ వ్యవస్థ అది. తోడి బాలురు దానిని తెఱచియైన చూడక విండోస్‌తోనే కాలము గడపగా, మావాడు విండోస్‌ను తొలగించి లినక్స్‌ను నిలుపుకొనెను. తరువాత వేలూరులో కళాశాలలో చేరి, మా యింటనే యుండి చదువుచు, సెకండ్‌హాండ్ సామానుతో కంప్యూటరొకటి కూర్చుకొని, దానిలోను లినక్స్‌నే పెట్టెను.

రెండేండ్ల క్రిందట వాడు సెలవులలో ట్యూషను చెప్పి సంపాదించిన సొమ్ముతో ఒక ఆట కొనెను. అమ్మకపు పుటలో లినక్స్‌లో నడచునని స్పష్టముగా నుండెను. ఎనిమిది మాసములు చక్కగా నడచినది. ఒకనాడు క్రొత్త కూర్పు వచ్చినది, ఆట తెఱచుకొనలేదు. తయారుచేసినవారికి వ్రాయగా, లినక్స్ వాడువారు మిక్కిలి స్వల్పసంఖ్యాకులు గనుక ఇకమీదట ఆ కూర్పును కొనసాగింపజాలమని బదులు వచ్చినది. ఆ కంపెనీ పేరిచట అనవసరము. "తాతా, ఆట చెడిపోలేదు. వాళ్లే తలుపు మూసేసినారు" అని వాడు నవ్వెను. ఆ నవ్వు మాకు రుచింపలేదు. ఏలయన, ఆ బదులును మేము మా జీవితములో అంతకుముందే ఒకమారు వినియుంటిమి. ఎచట వింటిమో కడపట చెప్పెదము.

లినక్స్ అననేమో ఎఱుగని చదువరులకు ఒక మాట. కంప్యూటరును నడపు మూలవ్యవస్థలలో విండోస్ ఒక కంపెనీ సొత్తు. లినక్స్ అట్లు గాదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి ఆరంభింపగా, లోకమందలి వేలకొలది జనులు చేయివేసి పెంచినది. ఎవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, పంచుకొనవచ్చును. పెద్ద పెద్ద సర్వర్లలో పెక్కు దానిపైననే నడచుచున్నవి. అయినను ఇంటిలో బల్లమీది కంప్యూటరులో దానిని వాడువారు కొద్దిమంది. ఆటలు చేయువారు మొదట విండోస్ కొఱకే చేయుదురు. దానిని లినక్స్‌కు తెచ్చుటకే పోర్టు చేయుట అని పేరు.

ఈ తెచ్చుట యెట్టిదో మన చలనచిత్రములతో పోల్చిన సులభముగా తెలియును. 1955లో విజయావారు ఎల్.వి. ప్రసాద్‌గారి దర్శకత్వమున "మిస్సమ్మ"ను తెలుగునను, "మిస్సియమ్మ"ను తమిళమునను తీసిరి. సావిత్రి రెంటను నాయికయే. నాయకుడు మాత్రము తెలుగున ఎన్.టి. రామారావు, తమిళమున జెమినీ గణేశన్. 1957లో "మాయాబజార్"ను కూడ ఆ విధముగనే రెండు భాషలలో తీసిరి. వేలూరువంటి యూళ్లలో రెండు భాషల నెఱిగినవారు రెంటిని చూచి, ఏది అసలో చెప్పలేకపోయిరి. ఇది మొదటి రకము. ఒక భాషలో తీసిన చిత్రమునకు మఱియొక భాషలో గొంతు లతికించుట రెండవ రకము. పెదవియొకటి పలుక చెవికొకటి వినవచ్చును. ఇక ప్రక్కన కూర్చున్న మిత్రుడు మాట మాటకు అర్థము చెప్పుచుండగా చూచుట మూడవ రకము. అతడు దుబాసి. ఆటలలోను ఈ మూడు రకములే కలవు.

మొదటి రకమునకు మంచి యుదాహరణము అమెరికాలోని లోకి సాఫ్ట్‌వేర్. 1998లో స్కాట్ డ్రేకర్ స్థాపించిన యీ చిన్న సంస్థ, ఇతరులు చేసిన ఆటలను లినక్స్‌కు శ్రద్ధతో తెచ్చుటయే వ్యాపారముగా పెట్టుకొన్నది. 1999లో "సివిలైజేషన్: కాల్ టు పవర్" దాని తొలి ఆట. చేతిపని మంచిదైనను చేతిలో డబ్బు నిలువలేదు. 2002 జనవరిలో మూతపడెను. అయితే అచట పనిచేసిన సామ్ లాంటింగా 1998లో వ్రాసిన ఎస్.డి.ఎల్. అను సాధనము నేటికిని జీవించియున్నది. ఒకే ఆటను పలు వ్యవస్థలలో నడుపుటకు లెక్కలేనన్ని సంస్థలు దానిని వాడుచున్నవి. దుకాణము పోయినను తవ్వించిన బావి మిగిలినది.

లినక్స్‌వారు అన్నియు ఉచితముగా కోరుదురను నింద యొకటి కలదు. 2010 మే మాసములో హంబుల్ ఇండీ బండిల్ అను పేర కొన్ని ఆటలను కట్టగట్టి, కొనువారే తమకు తోచిన ధర చెల్లింపవచ్చునని అమ్మిరి. అపుడు సగటున విండోస్‌వారికంటె లినక్స్‌వారే హెచ్చుగా చెల్లించిరి. ఇంతకంటె సమాధానము వేఱేమి కావలెను? పెట్టనివారికి కాదు, పెట్టబోయినను దొరకనివారికి చేయి ధారాళమై యుండును.

2013 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీవారి స్టీమ్ అను అంగడి లినక్స్‌కు వచ్చినది. అప్పటినుండి పోర్టులు వరుసకట్టినవి. వానిలో మంచివి, చెడ్డవి కలవు. ఇంగ్లండులోని ఫెరల్ సంస్థవారు "ఎక్స్‌కామ్", "ఏలియన్: ఐసొలేషన్", "టూంబ్ రైడర్" మొదలగువానిని తెచ్చిన తీరు మెచ్చదగినది. వానిని మావాడు ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిమి. అసలు నకలు భేదము మా కంటికి చిక్కలేదు. 2014 మేలో వచ్చిన "విచర్ 2" కథ వేఱు. పేరున అది లినక్స్ కూర్పే. లోపల మాత్రము అతికించిన గొంతు. నత్తనడక నడచుచున్నదని కొన్నవారు గగ్గోలు పెట్టిరి. తరువాత దిద్దుబాటులచే కొంత మెఱుగుపడినది గాని, తొలినాడు పోయిన మంచిపేరు దిద్దుబాటుతో తిరిగిరాలేదు. దాని తరువాతి "విచర్ 3" లినక్స్‌కు రానేలేదు. చెడ్డ నకలు ఒక ఆటను మాత్రమే చెఱుపదు, రాబోవు ఆటకు కూడ దారి మూయును.

రెండవ దోషము తెచ్చి విడుచుట. "రాకెట్ లీగ్" అను కార్లతో బంతియాడు ఆట 2016లో లినక్స్‌కు వచ్చినది. 2019లో ఆ సంస్థను ఎపిక్ కంపెనీవారు కొనిరి. 2020 మార్చిలో లినక్స్, మాక్ కూర్పులకు ఆన్‌లైను ఆట నిలిపివేసిరి. ఆ రెండును కలిపినను ఆడువారిలో నూటికి 0.3 కంటె తక్కువయే యని లెక్క చూపిరి. కోరినవారికి సొమ్ము తిరిగి యిచ్చిరి, అది మర్యాదయే. కాని నలుగురితో కలసి ఆడుటకే పుట్టిన ఆటలో నలుగురిని తీసివేసిన తరువాత మిగులునదేమి?

ఇక దుబాసి. 2018 ఆగస్టులో వాల్వ్‌వారు ప్రోటాన్ అను సాధనమును వెలువరించిరి. 1993 నుండి పెరుగుచున్న వైన్ అను స్వచ్ఛంద కృషి దీనికి పునాది. విండోస్ ఆట పలుకు ప్రతి కోరికను అప్పటికప్పుడు లినక్స్ భాషలో చెప్పుచు నడిపించును. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అను చేతిపెట్టె, అడుగున లినక్స్‌యే యైనను, వేలకొలది విండోస్ ఆటల నాడించుచున్నది ఈ దుబాసి చలువచేతనే.

ఇచట లినక్స్‌వారిలోనే రెండు పక్షములు కలవు. స్వంతకూర్పే గౌరవమని యొక పక్షము. దుబాసి బాగుగా చెప్పుచుండగా నకలు ఎందులకని రెండవది. మావాడు రెండవ పక్షము. "సరిగా రాని తర్జుమాకంటే దుబాసీ మేలు తాతా" అనును. మాకు అందులో సగము మాత్రమే సమ్మతము. చెడ్డ నకలుకంటె మంచి దుబాసి మేలనుట నిజమే. కాని దుబాసి యున్నాడను ధైర్యముతో ఎదుటివాడు మన భాష నేర్చుట మానుకొనును. అంతేకాదు, దుబాసిని గుమ్మములోనికి రానీయకుండుట ద్వారపాలకుని చేతిలోని పని. పందెపుటాటలలో మోసగాండ్రను పట్టుటకు కావలి సాధనములు కలవు. వానిలో ముఖ్యమైన రెండు, ఈజీ యాంటీ-చీట్, బాటిల్ ఐ అనునవి, ప్రోటాన్‌తో పనిచేయగలవని 2021లోనే ప్రకటింపబడినది. ఆట చేసినవారు అనుమతి యిచ్చిన చాలును. కొందఱిచ్చిరి, కొందఱీయలేదు. "ఏపెక్స్ లెజెండ్స్"వారు ఇచ్చినదానినే 2024 అక్టోబరు 31న వెనుకకు తీసికొనిరి. లినక్స్ దారిన మోసగాండ్రు వచ్చుచున్నారని కారణము చెప్పిరి. మోసగాండ్రుండవచ్చును. ఊరిలో దొంగలున్నారని ఒక వీధివారినందఱిని సంతకు రావద్దనుట న్యాయమా?

ఎదుటి పక్షమును వినక తీర్పు వ్రాయుట మా కొలువులో నేరము. లినక్స్ ఒకటి కాదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా అని శాఖలనేకము. ఒకదానిలో నడచినది మఱియొకదానిలో తడబడును. ఇద్దఱు ముగ్గురు మాత్రమే పనిచేయు చిన్న సంస్థకు ఇది భారమే. లినక్స్‌వారు కొనుట తక్కువ, ఫిర్యాదులు ఎక్కువ యనుటయు కలదు. ఇందుకు 2021లో ఒక ఆటకర్త చూపిన లెక్క వినదగినది. "డెల్టా-వి: రింగ్స్ ఆఫ్ సాటర్న్" అను ఆట కొన్నవారిలో లినక్స్‌వారు నూటికి 5.8; వచ్చిన దోషపత్రములలో వారివి నూటికి 38. ఆశ్చర్యమేమనగా, ఆ దోషములలో కేవలము లినక్స్‌కు చెందినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. తక్కినవన్నియు అందఱికి నుండి, ఎవరును వ్రాయనివి. ఫిర్యాదులనుకొన్నవి నిజమునకు జీతము లేని సరిచూపులు. ఇది చదివినపుడు మాకు మా ఆఫీసులోని తపాలా గుర్తునకు వచ్చినది. వీధి దీపము వెలుగలేదని వ్రాసిన ఒక్కని ఉత్తరమువలన వీధి యంతయు వెలుగుపొందును.

కావున ఆటలు చేయువారికి మా నోటు ఇది. తెత్తుమని చెప్పినచో అసలుతో సమముగా తెండు. దిద్దుబాటులను కూడ అదే దినమున ఇండు. తేజాలనిచో దుబాసికి అనుమతి యిండు. చేయలేనిదానిని అమ్మకపు పుటలో వ్రాయకుడు. ఇక వదలిపోవలసివచ్చినచో తాళపుచెవి పొరుగింట ఇచ్చి పొండు. ఇది కానిపని కాదు. "డూమ్" ఆటను 1993లో వెలువరించిన ఇడ్ సంస్థవారు 1997లో దాని మూలరచననే లోకమునకు విడిచిరి. అందువలననే అది నేటికిని క్రొత్త యంత్రములపై నడచుచున్నది. 2003లో ఆరంభమైన "బాటిల్ ఫర్ వెస్నాత్" అను యుద్ధపుటాట మొదటినుండియు అందఱి సొత్తు. దానిని మూయుటకు ఎవరికిని అధికారము లేదు. మావాడు ఆ పాత ప్రభుత్వ లాప్‌టాప్‌లో ఇప్పటికిని దానినే ఆడుచుండును.

ఇక మేమా బదులును మొదట ఎచట వింటిమో చెప్పెదము. మా కుమార్తె మూడవ తరగతి చదువునపుడు ఒక పాఠశాలలో తెలుగు విభాగమును ఎత్తివేసిరి. వెళ్లి అడిగితిమి. "మీ పిల్లలు తొమ్మండుగురే యున్నారు, ఇంత స్వల్పసంఖ్యకు పండితుని నిలుపజాలము" అనిరి. వారును చెడ్డవారు కారు. లెక్క చూపిరి, లెక్క సరిగానే యుండెను. తమిళము నేర్చుట మాకెన్నడును కష్టము కాలేదు. అది మాకు అన్నము పెట్టిన భాష. కాని ఆ తొమ్మండుగురిలో నేడు తెలుగు చదువగలవారు ఇద్దఱే. మా కుమార్తె ఆ యిద్దఱిలో లేదు. ఈ వ్యాసమును మేమే చదివి వినిపింపవలెను.

స్వల్పసంఖ్య అను మాటలో అబద్ధము లేదు. కాని తలుపు మూసిన తరువాత సంఖ్య తగ్గక పెరుగునా? తక్కువ యని మూయుదురు. మూసినందున మఱింత తక్కువగును. ఈ చక్రమును త్రిప్పునది లెక్క కాదు, లెక్క వ్రాయువాని చేయి. అన్ని యేండ్లు లెక్కలు వ్రాసిన చేతితోనే ఈ మాట వ్రాయుచున్నాము.

లినక్స్‌వారివలన మనము నేర్వవలసినదొకటి కలదు. వారు మొఱపెట్టుకొనుచు కూర్చుండలేదు; దుబాసిని తామే చేసికొనిరి, సాధనములను తామే వ్రాసికొనిరి, దోషములను తామే వెదకి తెలిపిరి. అడుగుటయు మానలేదు. మన సంఘములో ఆదివారపు తెలుగు తరగతికి ఇపుడు పదునలుగురు వచ్చుచున్నారు. మనుమలను పంపగలవారు పంపుదురుగాక. మా అక్కగారి మనుమడు అచట పిల్లలకు తెలుగు టైపు చేయుట నేర్పుటకు ఒప్పుకొన్నాడు. లినక్స్‌లోనే నేర్పునట.