ఓపికకు గడువు రాసిపెట్టుకోవాలి

పామును పెంచేవాళ్లకు మొదట అలవడాల్సింది ఓపిక. మేత పెట్టాక రెండు రోజులు చేయి వేయకూడదు. కుబుసం విడిచే రోజుల్లో కదిలించకూడదు. ఒక్కోసారి వారాల తరబడి తిండి ముట్టకపోయినా, బరువు తగ్గనంతవరకు కంగారు పడనక్కర్లేదు. టెక్సస్‌లో కార్న్ స్నేక్‌లు పెంచుతున్న నాకు ఈ వ్యాపకం నేర్పిన సుగుణం ఇదే. అయితే ఆడపాము గుడ్లకు వచ్చినప్పుడు ఈ సుగుణమే దాని ప్రాణం మీదికి తెస్తుంది. ‘దానంతట అదే పెడుతుందిలే’ అని ఎదురుచూసిన ఇళ్లలో తల్లిపాములు చనిపోవడం నేనెరుగుదును. ఎంతవరకు ఆగాలో, ఎక్కడ ఇక ఆగకూడదో తెలుసుకోవడమే ఈ పనిలో అసలు నేర్పు అని నా నమ్మకం.

ముందు మామూలుగా ఏం జరుగుతుందో తెలిసుండాలి. కార్న్ స్నేక్ జత కట్టిన నెల, నెలన్నరలో గుడ్లు పెడుతుంది. దానికి ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. అక్కడి నుంచి సుమారు 8 నుంచి 14 రోజులు లెక్కపెట్టుకోవచ్చు. మరో పెంపుడు జాతి బాల్ పైథాన్‌కైతే ఆ కుబుసం తర్వాత దాదాపు నెల పడుతుంది. కార్న్ స్నేక్ 10 నుంచి 30 దాకా పెడితే, బాల్ పైథాన్ ఎక్కువగా నాలుగు నుంచి ఆరుతో సరిపెడుతుంది. ఈ రోజుల్లో తిండి మానేయడం, చోటు కోసం పెట్టె అంతా తిరగడం సహజమే. తడిపిన నాచు నింపి, మూతకు కన్నం పెట్టిన డబ్బా ఒకటి ఉంచితే అందులో దూరుతుంది. ఒకసారి మొదలుపెట్టిందంటే సాధారణంగా రోజు తిరిగేలోపు అన్నీ పెట్టేస్తుంది.

అందుకే ప్రతి ఆడపాముకూ ఒక నోటుపుస్తకం ఉండాలంటాను. జత కట్టిన తేదీ, కుబుసం విడిచిన తేదీ, ప్రతి వారం బరువు, మొదటి గుడ్డు కనబడిన వేళ. పాము అరవదు, మూలగదు, బాధను దాచుకుంటుంది. దాని తరఫున చెప్పాల్సింది ఆ పుస్తకమే. మన పల్లెల్లో గేదె ఈనాక మాయ పడిందా లేదా అని రైతు కాచుకుని ఉంటాడు. పూట గడిచినా పడకపోతే పశువుల డాక్టరుకు కబురు వెళ్తుంది. దూడ పుట్టింది కదా అని ఎవరూ నిద్రపోరు. పాము విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. గుడ్లు వచ్చాయన్నది సగం కబురే. అన్నీ వచ్చాయా అన్నది మిగతా సగం.

కిందటి వేసవిలో ఇక్కడే ఉండే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, రాత్రి పద్నాలుగు పెట్టింది. తోక వైపు ఇంకా రెండు ఉబ్బులు ఉన్నాయి. పొద్దున దాకా ముక్కింది, ఇప్పుడు హాయిగా పడుకుంది. రేపటిదాకా చూద్దామా?” అన్నాడు.

“అది హాయి కాదు తమ్ముడూ, అలసట. ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చెయ్యి” అన్నాను.

పాములు పెంచేవాళ్లలో చాలామంది పొరబడేది ఇక్కడే. ముక్కడం ఆగితే కష్టం తీరిందనుకుంటారు. నిజానికి కండరాల్లో సత్తువ అయిపోయి ఉండవచ్చు. గుడ్డు మాత్రం లోపలే ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది అండవాహిక గోడకు అతుక్కుంటుంది. లోపలి సొన చిక్కబడి గట్టిపడుతుంది. అండవాహిక కదలిక కోసం ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ తాబేళ్లలో పనిచేసినంత బాగా పాముల్లో పనిచేయదు. ఆ కొద్దిపాటి ఫలితమైనా తొలి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ. మరీ ఆలస్యమైతే మిగిలేది ఆపరేషన్. గుడ్లు పొడవాటి ఒంట్లో వరసగా ఉంటాయి కాబట్టి ఒక్కోసారి ఒకటికి మించి కోతలు పడతాయి. ఆ కుట్లు వారాల తరబడి ఉంచాలి.

ఆ కుర్రాడి పామును డాక్టరు ముందు వెచ్చగా ఉంచి, ద్రవాలు ఎక్కించారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ చూసి అడ్డమేమీ లేదని తేల్చుకున్నాకే ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక గుడ్డు ఆ రాత్రే వచ్చింది. రెండోది కదలకపోతే సూదితో సొన లాగేశారు. మర్నాడు ముడుచుకుపోయిన పెంకు దానంతట అదే బయటపడింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఆ సూదికి సొన వచ్చేది కాదేమో.

కాబట్టి గడువులు ముందే రాసిపెట్టుకోండి. కొన్ని గుడ్లు పెట్టి ఆగిపోయి, ఒక రోజు గడిచినా ఉబ్బులు మిగిలి ఉంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. రెండో రోజు దాటకుండా చూపించాలి. కుబుసం లెక్క ప్రకారం రావాల్సిన రోజులు దాటిపోయినా అడగాలి. గంటల తరబడి ముక్కుతూ ఒక్క గుడ్డూ రాకపోయినా, ద్వారం దగ్గర ఎర్రటి కండ బయటికి వచ్చినా, రక్తమో దుర్వాసనో కనిపించినా, పాము వేలాడిపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా గంట కూడా ఆగకూడదు. బయటికి వచ్చిన కండను తడిగుడ్డతో కప్పి బయల్దేరాలి.

చేయకూడని పని ఒకటుంది. గుడ్డును వేళ్లతో నొక్కి కిందికి తోయకండి, పట్టుకుని లాగకండి. అండవాహిక చాలా పలుచన, చిరిగిపోతుంది. మిగిలాయో లేదో చూడాలంటే పామును చేతుల మీదుగా పాకనిస్తే చాలు, ఉబ్బు వేళ్లకు తగులుతుంది.

మగపాము లేదు కాబట్టి మాకు ఈ భయం లేదనుకోవద్దు. ఒంటరి ఆడపాములూ గాలిగుడ్లు పెడతాయి, అవీ అడ్డుపడతాయి. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో, 62 ఏళ్లు ఉంటాయనుకునే బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి రెండు దశాబ్దాలుగా దాని దగ్గర మగపాము లేదు.

అడ్డుపడటానికి కారణాల్లో చాలావరకు మన చేతిలోనివే. గుడ్లు పెట్టే చోటు లేకపోవడం, వేడి చాలకపోవడం, నీళ్లు చాలకపోవడం, కదలిక లేక ఒళ్లు కొవ్వెక్కడం, ఎదగకముందే జత కట్టించడం. వంకర గుడ్డు, లోపలి ఇన్ఫెక్షన్ లాంటివి మన చేతిలో లేవు. గుడ్డు అడ్డుపడ్డాక మాత్రం కారణం ఏదైనా డాక్టరు కావాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇండియాలో కాగితాల భయం అడ్డొస్తుంది. అక్కడ నాగుపాము, జెర్రిపోతు లాంటి స్థానిక పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులను కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వాటిని పెంచుతున్నవాళ్లు ఆ పని వెంటనే చేయాలి. కాగితాలు లేవన్న భయంతో డాక్టరు గడప తొక్కకపోతే పోయేది పాము ప్రాణమే.

పాములకు వైద్యం తెలిసిన డాక్టర్లు అన్ని ఊళ్లలో ఉండరు. అమెరికాలోనైతే అసోసియేషన్ ఆఫ్ రెప్టైల్ అండ్ ఆంఫిబియన్ వెటర్నేరియన్స్ వాళ్ల జాబితాలో వెతుక్కోవచ్చు. ఎక్కడున్నా ఆ వెతుకులాట మగపామును పెట్టెలోకి వదలకముందే పూర్తి కావాలి. డాక్టరు నంబరు, అర్ధరాత్రి తెరిచి ఉండే ఆస్పత్రి పేరు, ఆపరేషన్ దాకా వెళ్తే పెట్టగలిగినంత డబ్బు, ఈ మూడూ చేతిలో లేనివాళ్లు ఆ సంవత్సరం జత కట్టించవద్దు. పిల్లల కోసం తల్లిని గుడ్లకు తెచ్చేది మనం. ఆ కాన్పు క్షేమంగా ముగిసేదాకా బాధ్యత కూడా మనదే.