చల్లని కప్పు ఎవరికి?

వేసవి మధ్యాహ్నము పత్తర్‌గట్టిలో నడచువారు ఎండ తప్పించుకొని రాతి కమానుల క్రిందికి చేరుదురు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, చార్మినారునకు ఉత్తరముగా కట్టించిన అంగళ్ల వరుస ఇది. దళసరి రాయి మెల్లగా వేడెక్కును, కమాను నీడనిచ్చును. ఈ చల్లదనమునకు విద్యుచ్ఛక్తి అక్కరలేదు. కాని పాతనగరపు ఇరుకు సందులలో రేకుల క్రింద, పలుచని సిమెంటు కప్పుల క్రింద కాపురమున్నవారికి ఆ సుఖము లేదు.

ఇట్టి కప్పుల సంగతి తెలంగాణ ప్రభుత్వము పట్టించుకొనకపోలేదు. 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచవలెనని నిశ్చయించినది. అందు 200 హైదరాబాదుకే. దీనికి ఆధారమైన శాస్త్రము నిర్దుష్టమైనది. మిట్టమధ్యాహ్నపు ఎండ ప్రతి చదరపు మీటరుపైన సుమారు 1,000 వాట్ల శక్తిని కురిపించును. అనగా 25 చదరపు మీటర్ల కప్పుపై 25 కిలోవాట్లు. నల్లబడిన కప్పు అందులో 80 శాతము గ్రహించినచో అది 20 కిలోవాట్లు. క్రొత్త తెల్లపూత 80 శాతము తిప్పికొట్టినచో, గ్రహించునది 5 కిలోవాట్లే! గ్రహించిన వేడిలో కొంత గాలిలో కలియును, కొంత ఆకాశమునకు పోవును. మిగిలినది గదిలోనికి దిగును.

లోపము శాస్త్రములో లేదు, నియమములో ఉన్నది. ప్రభుత్వ భవనములకు, వాణిజ్య భవనములకు, 600 చదరపు గజములు మొదలుకొని అంతకు పెద్ద స్థలములలోని నివాసములకు ఈ పూత తప్పనిసరి. అంతకంటె చిన్న ఇండ్లకు యజమాని ఇష్టము. పాతనగరపు సందులలో 600 గజముల ఇల్లు ఎందరికి ఉండును? 2017లో హైదరాబాదులోనే 25 పేద ఇండ్ల కప్పులపై తెల్లని పొర పరచి చూడగా, లోపలి వేడి సగటున సుమారు 2 డిగ్రీలు తగ్గినది. పరీక్ష జరిగినది పేద ఇంటిపై; నియమము వర్తించునది పెద్ద ఇంటికి!

దీనికి కారణము లెక్కించు పద్ధతిలోనే కలదు. పెద్ద కప్పు చదరపు కిలోమీటర్లను త్వరగా పెంచును. శీతలయంత్రము గల ఇంటిలో విద్యుత్తు యూనిట్లు మిగులును. ఒక్క పంకాతో కాలము గడుపు ఇంటిలో మిగులునది యూనిట్లు కావు, రాత్రి నిద్ర. అది ఏ పట్టికకును ఎక్కదు.

చిన్న ఇంటివానిపై నిర్బంధము పెట్టుట న్యాయము కాదు. పూత ఖర్చు భరించుట న్యాయము. పైగా దుమ్ము పట్టిన కొలది తెలుపు తిప్పికొట్టు గుణము తగ్గును. కావున భవనము పూర్తియైననాడు ఒకమారు చూచుట చాలదు. కప్పును కడుగుట, మరల పూయుట కూడ విధానములో భాగము కావలెను.

2028లో ఈ విధానపు ఫలితమును నిర్ణయించువారు ఎన్ని చదరపు కిలోమీటర్లు తెల్లబడినవని మాత్రమే అడుగరాదు. ఆ తెలుపు క్రింద ఎవరు నిద్రించుచున్నారో కూడ అడుగవలెను.