ఆ ‘బండ’ ఏది? మత్తయి 16:18పై రెండు వ్యాఖ్యానాలు

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల కతోలికులు, సి.ఎస్.ఐ. వారు చదివే వచనం ఒకటే: పేతురుతో యేసు, ఈ బండమీద సంఘాన్ని కడతానన్నాడు. బండ పేతురేనని కతోలికుల వ్యాఖ్యానం. పోపు అధికారానికి ఇదే ఆధారం. 16వ వచనంలో పేతురు ఒప్పుకొన్న విశ్వాసమే బండ అని ప్రొటెస్టంట్ వ్యాఖ్యాతల్లో చాలామంది అంటారు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు సేవచేసిన వెస్లియన్ మెథడిస్టులు ప్రొటెస్టంట్లే. వారి సంఘాలు 1947లో సి.ఎస్.ఐ.లో చేరి బిషప్పులను అంగీకరించాయి, పోపును కాదు.

గ్రీకులో ‘పెత్రోస్’, ‘పెత్రా’ శ్లేష. తెలుగులో ‘పేతురు’, ‘బండ’ వేర్వేరు మాటలు కావడంతో అది మరుగైంది. ఈ శ్లేష కతోలిక వ్యాఖ్యానానికి బలం. అయితే 16:19లో పేతురుకిచ్చిన బంధించే, విప్పే అధికారం 18:18లో శిష్యులందరికీ దక్కింది. ఇది దానికి పరిమితి. కాబట్టి ఒక్క వచనంతో తీర్పు చెప్పకండి. అనువాదంలో జారిపోయినదాన్నీ, ముందువెనుక వచనాలనూ పరిశీలించండి.