ఎత్తిపోతలకు ఒక్కరోజు ప్రయాణం

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప పల్లెల నుంచి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరగల జలపాతాల్లో ముందు చెప్పవలసినవి రెండు. ఒకటి మాచర్ల దాటాక నాగార్జునసాగర్ దారిలో ఉన్న ఎత్తిపోతల. రెండోది ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో, నల్లమల అంచున ఉన్న భైరవకోన. రాచర్ల మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి దగ్గర కూడా నీళ్లు దూకుతాయి. అయితే ఆ గుడి తలుపులు తెరిచేది శనివారం మాత్రమే కనుక అక్కడికి రోజు ఎంచుకునే పని ఉండదు. మిగతా రెండింటికీ అసలు కష్టం రోజు కుదరడమే.

ఈ నేలలో తీరిక ఒక కాలంలో, నీళ్లు ఇంకో కాలంలో వస్తాయి. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి, బడులు మూసేనాటికి, పొలం పనులు తెరిపి ఇచ్చేనాటికి వాగులు ఎండిపోతాయి. మే నెలలో ఎత్తిపోతలకు వెళ్లినవాళ్లకు బండ మీద సన్నటి ధార కనిపిస్తే అదే ఎక్కువ. దారిలో రెంటచింతల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు నిండుగా ఉండేది ఆగస్టు నుంచి నవంబరు దాకా. ఆ రోజుల్లోనే మిరప నారు నాటాలి, పత్తికి మందు కొట్టాలి, కలుపు తీయించాలి, తర్వాత మొదటి తీత పత్తి ఏరాలి. అందుకే ప్రయాణం ఖాయం చేసేవాళ్లు క్యాలెండరులో ఎర్రంకెల కంటే ముందు చేను వంక చూడాలి. నాట్లు అయి, తీతలు జోరందుకోని నడిమి రోజులు కార్తీకానికి కాస్త అటూ ఇటూ దొరుకుతాయి. అమావాస్య నాడు అరక కట్టని ఊళ్లు ఇంకా ఉన్నాయి, ఆ రోజు ఇంటిల్లిపాదికీ కుదురుతుంది. యార్డుతో పని ఉన్నవాళ్లకు శని, ఆదివారాలే దిక్కు, జనం తొక్కిడి కూడా ఆ రెండు రోజులే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్లు నయాగరా చూసి వస్తారు.   ఆ జలపాతానికి పైన సముద్రాల్లాంటి సరస్సులున్నాయి, ఏ నెలలో వెళ్లినా నీళ్లుంటాయి. ఎత్తిపోతలకు అలాంటి నిల్వ లేదు. చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతాయి. అక్కడి నుంచి చంద్రవంక ముందుకు సాగి కృష్ణలో కలుస్తుంది. వాగుల మీదే ఆధారం కనుక పైన వాన పడిన వారం వేరు, పడని వారం వేరు. బయల్దేరే రెండు రోజుల ముందు మాచర్లలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయో అడగడం తప్పనిసరి.

ఎత్తిపోతల అనగానే రైతుకు పంపులు, పైపులు గుర్తొస్తాయి. ఇక్కడ స్థలపురాణం ఇంకోటి: యతి తపస్సు చేసిన చోటు కనుక యతి తపోతలం, అది జనం నోట ఎత్తిపోతల అయిందంటారు. లోయలో దత్తాత్రేయుడి గుడి, మధుమతీదేవి గుడి ఉన్నాయి. లంబాడీ కుటుంబాలకు ఇది ముఖ్యమైన మొక్కుబడి క్షేత్రం. గుళ్లకు మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను బలవంతంగా దింపకూడదు. పర్యాటక శాఖ వారి అతిథిగృహం వైపు ఎదురుగా నిలబడి చూసే చోటు ఉంది, జలపాతం పూర్తి రూపం కనిపించేది అక్కడినుంచే.

గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లకు రోడ్డు, రైలు రెండూ ఉన్నాయి. రైలు దిగాక మళ్లీ ఆటో మాట్లాడుకోవాలి కనుక పదిమంది ఉంటే ఊళ్లోనే బండి కుదుర్చుకోవడం మేలు. కిరాయి, డీజిలు, డ్రైవరు భోజనం ముందే లెక్కగట్టి తలకింత అని తేల్చుకుంటే తర్వాత మాటలు రావు. తెల్లవారుజామున అయిదింటికి కదిలితే పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరికి వచ్చేసరికి వెలుగు వస్తుంది. తొమ్మిది గంటలకల్లా జలపాతం దగ్గర ఉండొచ్చు. మాచర్లలో చెన్నకేశవస్వామి గుడికి అరగంట కేటాయించాలి. కులం అడగకుండా అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడు కథకు ఈ ఊరే నెలవు. వనభోజనానికి వెళ్లేవాళ్లు ఆ కథను దారిలో పిల్లలకు చెప్పడం బాగుంటుంది, పంక్తి కూడా అలాగే వేస్తే ఇంకా బాగుంటుంది.

వనభోజనం పేరుతో ఆడవాళ్లు రాత్రి రెండింటికి లేచి పదిమందికి వండటం అన్యాయం. వారమంతా కలుపుకో, పత్తి తీతకో వెళ్లిన మనిషికి దొరికిన ఒక్క సెలవు పొయ్యి దగ్గరే మొదలవకూడదు. ఇంటికొకటి పంచుకుంటే ఎవరికీ భారం కాదు: ఒక ఇంట్లో పులిహోర, ఒక ఇంట్లో పెరుగన్నం, ఇంకో ఇంట్లో గోంగూర పచ్చడి, గారెలు. పులిహోరకు చింతపండు పులుసు ముందు రోజు సాయంత్రమే నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకోవచ్చు. పొద్దున అన్నం పొడిపొడిగా వార్చి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, పసుపు, కాస్త నూనె చల్లి పూర్తిగా ఆరనివ్వాలి. వేడి అన్నంలో పులుసు కలిపి మూత బిగిస్తే మధ్యాహ్నానికి ముద్దయి చెమ్మ వాసన వేస్తుంది. ఆరాక కలిపిన పులిహోర పొద్దుగూకేదాకా చెడదు. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి తోడుకు కొంచెమే పెరుగు వేస్తే భోజనాల వేళకు పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. విస్తరాకులు, స్టీలు గ్లాసులు, రెండు పెద్ద క్యాన్ల మంచినీళ్లు బండిలో ముందు ఎక్కాలి. కోతులుంటాయి, అన్నం గిన్నెలు మూత తీసి వదలరాదు.

జలపాతం దిగువన మడుగులో మొసళ్లున్నాయి. దగ్గర్లో మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. కాబట్టి ఎత్తిపోతలలో స్నానం చేసే ఆలోచనే పెట్టుకోకూడదు, పిల్లలకు ఈ మాట ఇంటి దగ్గరే చెప్పాలి. తలపై ఎండ కాస్తున్నా ఎగువ అడవిలో వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోవాలి. అది మునుగుతుంటే, నీళ్లు ఎర్రబారి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తుంటే, సామాను వదిలేసైనా పైకి ఎక్కాలి. పాకుడు పట్టిన బండ మీద సెల్ఫీ కోసం ఒక్క అడుగు కూడా వేయరాదు.

భోజనాలయ్యాక మిగిలిన పూటకు ఒక్కటే ఎంచుకోవాలి. నాగార్జునసాగర్ ఆనకట్ట పది, పదకొండు కిలోమీటర్లే. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. గుంటూరు, ప్రకాశం పొలాలకు ప్రాణమైన కుడికాలువ మొదలయ్యేది ఇక్కడే. ఆ కాలువ చివరి భూముల పిల్లలకు దాని మొదలు చూపించడానికైనా ఆగాలి. నాగార్జునకొండకు లాంచీ ఎక్కితే పూట మొత్తం పోతుంది, పైగా అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు. దానికి వేరే రోజు పెట్టుకోవడమే మంచిది. తీరిక లేనివాళ్లకు అనుపు చాలు. సాగర్ నీళ్లలో మునిగే లోయ నుంచి తరలించి మళ్లీ నిలబెట్టిన బౌద్ధ కట్టడాలు, మెట్ల రంగస్థలం అక్కడ ఉన్నాయి.

కనిగిరి, పామూరు వైపు వాళ్లకు మాచర్ల దూరం, భైరవకోనే దగ్గర. ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే సుమారు 200 అడుగుల నుంచి పడే నీళ్లు. ప్రకాశం వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కనుక అక్కడ కార్తీకమే సరైన సమయం. కార్తీక పౌర్ణమి వెన్నెల అక్కడి అమ్మవారి విగ్రహం మీద పడటం చూడటానికి విపరీతంగా జనం వస్తారు. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ ఒక్కరోజు మానుకోవాలి.

తిరుగు ప్రయాణం నాలుగు గంటలకు మొదలవ్వాలి. తిన్న విస్తళ్లు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు ఒక్కటి కూడా లోయలో వదలకుండా గోనెసంచిలో వేసి బండికెక్కించాలి. జనవరిలో మిరప కోతలు మొదలైతే ఏప్రిల్ దాకా ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. ఈ ఏడు వెళ్లదలచినవాళ్లు నాట్లు కాగానే పదిమందీ కూర్చుని రోజు ఖాయం చేసుకోండి, ఆ రోజుకు కోత కూలీకి పోయే ఆడవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.