బాబాయ్ అన్నంత మాత్రాన

ఆసియా దేశాల వ్యాపార నిర్వహణ మీద వచ్చే పుస్తకాల్లో ఒక మాట తరచు కనిపిస్తుంది. పడమటి దేశాలను ఒప్పందం నడిపిస్తే తూర్పు దేశాలను కుటుంబభావం నడిపిస్తుందట. జపాన్‌లో కంపెనీయే ఇల్లు, కొరియాలో ఛేబోల్ అధిపతి ఇంటిపెద్ద, మన దేశంలో సేఠ్ తండ్రిలాంటివాడు! నేను వీటిని శాస్త్రంగా కాక కథనాలుగా చదువుతాను. ఏ కథనంలోనైనా ఎవరి గొంతు వినిపించడం లేదో అడగడం విమర్శకుడి పని.

జపాన్‌లో జీవితాంత ఉద్యోగం అనాదిగా వచ్చిన ఆచారమని ప్రచారం. అది ప్రధానంగా పెద్ద కంపెనీల శాశ్వతోద్యోగులకు దక్కింది. అదీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత, తీవ్రమైన కార్మిక పోరాటాల నడుమ స్థిరపడింది. 1953లో నిస్సాన్ సమ్మె విచ్ఛిన్నమై, యాజమాన్యంతో సహకరించే రెండో యూనియన్ పైకి వచ్చాకే అక్కడ ‘సామరస్యం’ నెలకొంది. ఈ ముక్క కొట్టేస్తే మిగిలేదాన్ని సంప్రదాయమంటున్నారు.

దీన్ని ముందే పసిగట్టినవాడు నవలాకారుడు. కొబయాషి తకిజి ‘కానికోసెన్’ 1929లో వచ్చింది. ఉత్తర సముద్రంలో పీతలు పట్టి, ఓడలోనే డబ్బాల్లో నింపే కార్మికుల కథ. పర్యవేక్షకుడు అసకావా సామ్రాజ్యం పేరు చెప్పి వాళ్ళను బాదుతాడు. నావికులకూ జాలరులకూ పోటీ పెడతాడు. నేటి పరిభాషలో దీన్ని జట్టుస్ఫూర్తి అంటారు కాబోలు. రచయిత 1933లో పోలీసు చిత్రహింసలకు బలయ్యాడు. 2008లో ఆ నవల మళ్ళీ లక్షల్లో అమ్ముడుపోయింది. తాత్కాలిక ఉద్యోగాల యువతరం ఆ ఓడలో తమను తాము చూసుకుంది.

ఆ ఓడలో కూలీలకు దాదాపు పేర్లుండవు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన ‘మాలపల్లి’లో అందరికీ పేర్లున్నాయి, బంధాలున్నాయి. భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడు, మాలపల్లి యువకుడు సంగదాసు ప్రాణస్నేహితులు. అయినా కూలి తగాదాలో చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోతాడు. హృదయ పరివర్తన మీద ఉన్నవకున్న ఆశ నాకు లేదు. కాని ఆప్యాయత ఎక్కడ ఆగిపోయి లెక్క ఎక్కడ మొదలవుతుందో ఆయనకు స్పష్టంగా తెలుసు.

మా మాచవరంలో మిరపకోతల కాలంలో ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. రైతుకూ కూలీలకూ మధ్య ముఠామేస్త్రీ ఉంటాడు. అడ్వాన్సు అతని చేతుల మీదుగా వస్తుంది, హాజరు అతని పుస్తకంలో పడుతుంది. కూలీలు అతన్ని ‘అన్నా’ అంటారు, రైతును ‘బాబాయ్’ అంటారు. ఆ పిలుపులు అబద్ధం కాదు. అయితే వాటివల్ల కూలిరేటు పెరగదు. ఆ బాబాయ్ కూడా గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారికి బాకీదారే కావచ్చు.

ఆసియాకు ఉమ్మడి సంప్రదాయమే కావాలంటే ఈ మధ్యవర్తిని చూపించాలి. తెలుగు కూలీలను రంగూన్ రేవుకూ ధాన్యం మిల్లులకూ అడ్వాన్సులిచ్చి తోలుకుపోయినవాడు మేస్త్రీ. మలయా తోటల్లో అతని పేరు కంగాణి, బొంబాయి మిల్లుల్లో జాబర్, జపాన్‌లో ఒయకత. నిర్వహణ పుస్తకాలు ఇతనికి ఒక పేజీ ఇస్తే గొప్ప. మన కథకులు మాత్రం ఇతన్ని దుర్మార్గుణ్ణి చేసి చేతులు దులుపుకుంటారు. పొద్దున అదే పొలంలో భార్య చేత కాయలు కోయిస్తూ, సాయంత్రం ఆమె కూలిలోనుంచే అడ్వాన్సు మినహాయించుకునే మేస్త్రీ కథ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.