చిన్న విమానం పట్టింపులు

సెస్నా 172 రెక్క కింద నిలబడి పైలట్ చేసే మొదటి పనుల్లో ఒకటి చూడ్డానికి చాలా చిన్నది. చేతిలో పొడవాటి ప్లాస్టిక్ గ్లాసు, దాని మధ్యలో నిలువుగా ఓ పుల్ల. రెక్క అడుగున ఉన్న చిన్న వాల్వును ఆ పుల్లతో పైకి నొక్కితే ట్యాంకులోని పెట్రోలు సన్నని ధారగా గ్లాసులోకి దిగుతుంది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తారు. ఈ విమానాలు తాగే పెట్రోలు పేరు 100 ఎల్ఎల్. గుర్తు పట్టడం కోసం దాంట్లో కావాలనే నీలి రంగు కలుపుతారు. చలి రాత్రుల్లో ట్యాంకు లోపలి గాలిలో తేమ చెమ్మగా మారి నీళ్ళు చేరితే, పెట్రోలు కన్నా బరువు కాబట్టి అవి గ్లాసు అడుగున తేటగా, వేరుగా నిలుస్తాయి. పొరపాటున ఎవరైనా జెట్ విమానాల ఇంధనం పోసి ఉంటే నీలం వెలిసిపోతుంది, వేళ్ళకు జిడ్డు తగులుతుంది, కిరోసిన్ వాసన వస్తుంది. అన్నిటికన్నా మోసపు సందర్భం గ్లాసు నిండా నీళ్ళే రావడం. మధ్యలో గీత కనబడదు, అంతా శుభ్రంగానే ఉన్నట్టుంటుంది. అందుకే గ్లాసును తెల్లటి రెక్కకు ఆనించి నీలం నిజంగా ఉందా లేదా అని చూస్తారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు.

1990ల చివర నుంచి తయారైన 172లలో ఇలా పెట్రోలు తీసి చూడవలసిన చోట్లు 13. కిందటి వారం చూసిన విమానమే అయినా, పొద్దున ఎగిరి వచ్చిన విమానమే అయినా, పెట్రోలు పోయించిన ప్రతిసారీ మళ్ళీ 13 చోట్లా చూడవలసిందే. అమెరికాలో వేల కొద్దీ ఉన్న చిన్న విమానాశ్రయాల్లో, శని ఆదివారాలు సరదాగా ఎగిరే డాక్టర్లు, రైతులు, బడిపంతుళ్ళు, ఇంజనీర్లు ఈ పని చేస్తూ కనిపిస్తారు. ఇది వాళ్ళకు పాతతరం చేతి నుంచి అందిన పట్టింపు. ఈ సరదాలో గొప్పతనమంతా గాలిలో విన్యాసాల్లో ఉందనుకుంటాం. నాకు మాత్రం అది ఈ పట్టింపుల్లోనే ఉందనిపిస్తుంది.

గ్లాసు పని అయ్యాక విమానం చుట్టూ ప్రదక్షిణ మొదలవుతుంది. ఎదుట మీటర్లున్నా ఇంధనం విషయంలో వాటిని ఎవరూ పూర్తిగా నమ్మరు. నిచ్చెన ఎక్కి, రెక్క పైన మూత తీసి, గీతలు పెట్టిన కర్ర ముంచి ఎన్ని గాలన్లున్నాయో కళ్ళతో చూసుకుంటారు. గంటకు ఎనిమిది తొమ్మిది గాలన్ల ఖర్చు. గమ్యం చేరాక పగలైతే అరగంటకు, రాత్రైతే ముప్పావు గంటకు సరిపడా మిగిలేలా బయలుదేరాలని నిబంధన. జాగ్రత్తపరులు గంట మిగుల్చుకుంటారు. ఇంత సులువైన లెక్క ఉండి కూడా ఇంధనం అయిపోయి పొలాల్లో దిగే విమానాలు ఏటా ఉంటూనే ఉన్నాయి. వసంతకాలంలో కొన్ని గంటలు ఆరుబయట వదిలేస్తే చాలు, ఇంజను కవరు లోపల పక్షులు గడ్డీ గాదం చేర్చి గూడు కడతాయి. వేగం కొలవడానికి రెక్కకు ముందుకు పొడుచుకుని ఉండే సన్నని గొట్టంలో కందిరీగలు మట్టి పెడతాయి. ఆ మట్టి ఉండగా పరిగెత్తితే వేగం మీటరు ముల్లు కదలదు, లేదా తప్పు చెబుతుంది. విమానాన్ని షెడ్డులోంచి చేత్తో లాగడానికి ముందరి చక్రానికి తగిలించే ఇనుప కడ్డీని తీయడం మరిచిపోతే, ఇంజను వేయగానే ప్రొపెల్లర్ దాన్ని కొడుతుంది.

వీటిలో ఏదీ తెలివితేటలు కావలసిన పని కాదు. ఒక్కటి వదిలేసినా పట్టుకునేవాళ్ళు ఇంకెవరూ ఉండకపోవడమే ఇక్కడి చిక్కు. మనం టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానం వెనక వాతావరణం చూసేవాళ్ళు, బరువు లెక్కవేసేవాళ్ళు, మరమ్మతు సిబ్బంది, పక్క సీట్లో రెండో పైలట్ ఉంటారు. చిన్న విమానంలో ఆ ఉద్యోగాలన్నీ ఒక్క మనిషివే.

నైపుణ్యం ఒక్కటే చాలదని విమానరంగం నేర్చుకున్న రోజు 1935 అక్టోబర్ 30. ఒహాయో రాష్ట్రం డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి నాలుగు ఇంజన్ల కొత్త బాంబర్ మోడల్ 299 సైన్యం పరీక్షకు లేచింది. నిటారుగా ఎక్కి, పట్టు తప్పి, పడి కాలిపోయింది. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్ టవర్ ఇద్దరూ చనిపోయారు. వాళ్ళకు సాటిరాగల పైలట్లు అప్పట్లో చాలా తక్కువ. నేల మీద ఉన్నప్పుడు తోక భాగం గాలికి కొట్టుకోకుండా వేసే లాకును తీయడం మరిచారు, అంతే. ఆ తర్వాతే ఎగిరే ముందు ఒక్కొక్కటిగా చదివి చూసుకునే చెక్‌లిస్ట్ పద్ధతి వ్యవస్థగా నిలదొక్కుకుంది. అదే నమూనా తర్వాత బి-17గా రెండో ప్రపంచ యుద్ధమంతా ఎగిరింది. 172లో ఆ లాకు ఒక చిన్న ఇనుప పుల్ల, ఎర్ర రేకు తగిలించి ఉంటుంది. దాన్ని తీశాక కూడా రన్‌వే ఎక్కే ముందు స్టీరింగ్‌ను నాలుగు దిక్కులా చివరి వరకూ తిప్పి, తల తిప్పి రెక్కలూ తోకా సరైన దిశలో కదిలాయో లేదో చూడాలి. కాగితం కంఠతా వచ్చినవాళ్ళు కూడా కాగితం పట్టుకునే చదవాలి. జ్ఞాపకం మోసం చేసేది సరిగ్గా ఎవరో పలకరించిన క్షణంలోనే కనుక, మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళున్నారు.

పాత ఇంజన్లు నడిపేవాళ్ళకు ఇంకో పాఠం ఉంది, వినగానే నమ్మబుద్ధి కాదు. ఎండ కాస్తున్న రోజున, మంచు ఆలోచనే రాని వేళ, ఇంజను లోపల మంచు కట్టగలదు. కార్బ్యురేటర్‌లో గాలి ఇరుకు దారిలో దూసుకుపోతుంది, పెట్రోలు ఆవిరవుతుంది. రెండూ కలిసి అక్కడి వేడిని ముప్పై డిగ్రీలకు పైగా దించేయగలవు. బయట 20 డిగ్రీలుండి గాలిలో తేమ బాగా ఉంటే లోపల మంచు పొర కట్టి ఇంజను గొంతు మెల్లగా నొక్కుతుంది. మొదట ఇంజను తిరిగే వేగం చూపే మీటరులో కొద్దిపాటి తగ్గుదల, అంతకు మించి సూచన ఉండదు. విరుగుడు ఒక మీట. దాన్ని లాగితే వేడిగాలి లోపలికి వెళ్తుంది. కానీ లాగిన వెంటనే కరిగిన మంచు నీళ్ళన్నీ ఇంజనులోకి పోయి అది దగ్గుతుంది, వణుకుతుంది, ముందుకన్నా అధ్వాన్నంగా నడుస్తుంది. కొత్తవాళ్ళు భయపడి మీటను తిరిగి నొక్కేస్తారు. పరిస్థితి చెడినట్టు కనిపిస్తున్నా చెయ్యి తీయకుండా ఆగాలి, అది బాగుపడుతున్న చప్పుడే. శిక్షకులు ఈ ఒక్క సంగతీ మాటలతో చెప్పి వదిలిపెట్టరు, ఎగిరేటప్పుడు మీట లాగించి వినిపిస్తారు.

చిన్న విమానాశ్రయాల్లో చాలావాటికి కంట్రోల్ టవర్ ఉండదు. ఎవరు ముందు దిగాలో చెప్పేవాళ్ళుండరు. పైలట్లే రేడియోలో తామెక్కడున్నారో చెప్పుకుంటూ, నేలకు సుమారు 1000 అడుగుల ఎత్తున రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంగా, మామూలుగా ఎడమ మలుపులతో తిరిగి వరుసలో దిగుతారు. ఒకే ఫ్రీక్వెన్సీని చాలా ఊళ్ళు పంచుకుంటాయి కనుక ఊరి పేరు మాట మొదట్లో ఒకసారి, చివర మరోసారి చెప్పడం మర్యాద. రేడియోయే లేని పాత పైపర్ కబ్‌లు కూడా అదే ఆకాశంలో చట్టబద్ధంగా తిరుగుతాయి. వాటి కోసం కళ్ళే దిక్కు.

ఆ దీర్ఘచతురస్రంలో రన్‌వేకు ఎదురుగా తిరిగే చివరి మలుపు చాలామందిని పొట్టన పెట్టుకుంది. దాన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. వెనక నుంచి గాలి తోస్తే విమానం రన్‌వే గీతను దాటి అవతలికి వెళ్ళిపోతుంది. మలుపు బిగించాలి. నేల దగ్గర్లో ఉంది కాబట్టి రెక్కను ఇంకా వంచడానికి మనసొప్పదు. దానికి బదులు కాలితో తోక చుక్కానిని లోపలివైపుకు తొక్కి ముక్కును తిప్పబోతారు. దాంతో లోపలి రెక్క వాలుతుంది, చెయ్యి దాన్ని ఎత్తబోతుంది, ముక్కు దిగుతుంది, చెయ్యి స్టీరింగ్‌ను వెనక్కి లాగుతుంది. ప్రతి కదలికా అప్పటికి సహజంగానే ఉంటుంది. కానీ వంగిన విమానం తనను తాను మోసుకోవడానికి ఎక్కువ వేగం అడుగుతుంది. 60 డిగ్రీలు వంచితే నిలదొక్కుకోవడానికి కావలసిన కనీస వేగం 41 శాతం పెరుగుతుంది. నెమ్మదిగా ఉన్న లోపలి రెక్క ముందు గాలి పట్టు వదిలేస్తుంది, విమానం ఒక్కసారిగా బోర్లపడి తిరగడం మొదలుపెడుతుంది. నాలుగైదు వందల అడుగుల ఎత్తులో తేరుకోవడానికి చోటు లేదు. విరుగుడు మాత్రం తేలిక: మలుపు దాటిపోతే దాటిపోనివ్వాలి, ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చి పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. చూసేవాళ్ళేమనుకుంటారో అన్న బిడియం ఒక్కటే దానికి అడ్డు. అందుకే మంచి శిక్షకులు బాగా కుదిరిన దిగుడులో కూడా ఉన్నట్టుండి 'లేపు' అంటారు. చక్కగా సాగుతున్న పనిని వదిలేయడం చేతికి అలవాటు కావాలని.

లేచిన కాసేపటికే ఇంజను ఆగినప్పుడూ ఇదే కథ. వెనక రన్‌వే ఉంది, మనసు అటే లాగుతుంది. ఎత్తు చాలకుండా వెనక్కి తిరగబోయినవాళ్ళు ఆ మలుపులోనే పడతారు. ముందు ముక్కు దించి వేగం కాపాడుకో, ఎదురుగా కనిపించే వాటిలో మెత్తటి చోటు వెతుక్కో అని నేర్పుతారు. ఇంజను లేకపోయినా 172 వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు మైలున్నర జారుతూ పోగలదు. అందుకే అనుభవమున్న పైలట్ల చూపు ప్రయాణమంతా పొలాల మీదే ఉంటుంది.

ఇక మబ్బు. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక పరీక్ష చేశారు. మీటర్లు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని మబ్బులో ఉన్నట్టు బయటేమీ కనిపించకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవై మందీ పట్టు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. మన చెవి లోపల తూకం చెప్పే ద్రవం ఉంటుంది. నెమ్మదిగా సాగే మలుపును అది కాసేపటికి మరిచిపోయి తిన్నగా పోతున్నామని చెబుతుంది. రెక్కలు నిజంగా సరిచేస్తే రెండోవైపు ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది, చెయ్యి మళ్ళీ మలుపులోకే తిప్పుతుంది. విమానం సుడి తిరుగుతూ దిగిపోతుంది. మబ్బే అక్కర్లేదు. 1999 జులై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు జాన్ ఎఫ్ కెన్నెడీ జూనియర్ తన పైపర్ సారటోగాలో భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి మార్తాస్ వినియార్డ్ దీవికి బయలుదేరాడు. పొగమంచులాంటి మసక, కింద చీకటి సముద్రం, దిగంతం గీత లేదు. విమానం సముద్రంలో కూలింది. దిశాభ్రమ వల్ల పట్టు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఆయనకు మీటర్లతోనే నడిపే అనుమతి ఇంకా రాలేదు.

అందుకే లైసెన్సుకు ముందు ప్రతి విద్యార్థికీ కళ్ళకు అడ్డు పెట్టి మూడు గంటలు మీటర్లతోనే నడిపిస్తారు. దాని ప్రధాన లక్ష్యం మబ్బులో ప్రయాణం చేయించడం కాదు, బయటపడడం. సెకనుకు మూడు డిగ్రీల నెమ్మదైన మలుపు, సరిగ్గా ఒక నిమిషం. వచ్చిన దారికి ముఖం తిరుగుతుంది. ఆ నిమిషం పాటు చెవి చెప్పేది వినకుండా మీటరును నమ్మాలి. ఇంకా కష్టమైనది ఆ మలుపు ఎప్పుడు మొదలుపెట్టాలన్న నిర్ణయం. అవతల పెళ్ళి భోజనం ఉంటుంది, సోమవారం ఆఫీసు ఉంటుంది, ఇంకో పది మైళ్ళు పోతే తేటపడుతుందేమోనన్న ఆశ ఉంటుంది. మసక మెల్లగా కమ్ముతుంది కనుక ఇక వెనక్కి తిరగాలని చెప్పే గీత ఎక్కడా కనబడదు.

ఈ సరదాకు పెద్ద కంపెనీల విమానాల భద్రతను సాక్ష్యంగా చూపి ధైర్యం చెప్పడం తప్పు. అమెరికాలో చిన్న విమానాలు లక్ష గంటలు ఎగిరితే సుమారు ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతుంది. పెద్ద విమానాల లెక్క దీనికి దరిదాపుల్లో ఉండదు. ఎక్కువ భాగం ప్రమాదాల్లో యంత్రం బాగానే ఉంటుంది, నిర్ణయం చెడుతుంది. ఆ సమాజం దీన్ని దాచుకోదు, నాకు వాళ్ళ మీద గౌరవం అక్కడే పెరిగింది. 1976 నుంచి నాసా నడుపుతున్న ఒక పద్ధతిలో పైలట్లు తమ తప్పును పేరు బయటపడకుండా రాసి పంపవచ్చు. కావాలని చేయని పొరపాటును పది రోజుల్లో చెప్పుకుంటే సాధారణంగా శిక్ష మినహాయిస్తారు. సాయంత్రాలు షెడ్డుల ముందు కుర్చీలేసుకుని పెద్దవాళ్ళు చెప్పే కబుర్లలో కూడా తాము త్రుటిలో తప్పించుకున్న సంగతులే ఎక్కువ. వినే కుర్రవాళ్ళు ఆ తప్పును తమ ప్రాణం మీదికి తెచ్చుకోకుండా నేర్చుకుంటారు. తొలిసారి ఒంటరిగా ఎగిరి దిగిన విద్యార్థి చొక్కా వెనక భాగం కత్తిరించి, తేదీ రాసి గోడకు తగిలించే ఆచారం కూడా ఉంది. వెనక సీట్లోని గురువు ఇంజను రొదలో చొక్కా పట్టి లాగి సూచనలిచ్చే రోజుల నుంచి వచ్చిందంటారు. ఇక లాగవలసిన అవసరం లేదని దాని భావం. లైసెన్సు వచ్చాక కూడా రెండేళ్ళకోసారి శిక్షకుడి పక్కన కూర్చోవాలి. గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు లేచి దిగి ఉంటే తప్ప మరొకరిని ఎక్కించుకోకూడదు.

డల్లాస్, సియాటిల్, బే ఏరియాల్లో మన తెలుగువాళ్ళు కూడా వారాంతాల్లో ఈ విద్య నేర్చుకుంటున్నారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఒకసారి పైకి తీసుకెళ్ళాలని ముచ్చటపడతారు. ఎక్కేవాళ్ళకూ పని ఉంది. బెల్టు పెట్టుకోవడం, విప్పుకోవడం ముందే నేర్చుకోవాలి. ఇంకో విమానం కనిపిస్తే వేలితో చూపాలి. లేచేటప్పుడు, దిగేటప్పుడు మాట్లాడకూడదు. తలుపు గాలిలో కాస్త తెరుచుకుంటే పెద్ద చప్పుడు వస్తుంది, కానీ విమానం ఎగురుతూనే ఉంటుంది. తలుపు సంగతి దిగాక చూసుకోవచ్చు, పైలట్ దృష్టి దాని మీదికి పోవడమే అసలు ప్రమాదం. కొడుకో కూతురో మబ్బులకేసి చూసి "ఇవాళ వద్దమ్మా" అంటే, ఇంత దూరం వచ్చాం కదా అని ఒక్క మాట కూడా అనకూడదు. ప్రయాణం చిన్న విమానంలోనే అనుకున్నా కారులో పెట్రోలు నింపి ఉంచుకుని, మర్నాడు కూడా సెలవు పెట్టుకుని బయలుదేరే కుటుంబాలున్నాయి. వాళ్ళ పైలట్‌కు ఆ మాట అనడం కష్టం కాదు.